లెక్క దాచని రేవు

న్యూ బెడ్‌ఫర్డ్, రాళ్ళు పరిచిన నీ వీధులకు దండం. అకూష్‌నెట్ నది ఉప్పునీటిలో కలిసే చోట, కొండవాలు మీంచి మెట్లుమెట్లుగా దిగి సముద్రం ముందు నిలబడ్డ ఊరివి నువ్వు. నేల నూనె ఇంకా ఎవరూ తోడని రోజుల్లో, కరెంటు తీగ పుట్టని రోజుల్లో, అమెరికా తీరం పొడుగునా లైట్‌హౌసులు వెలిగింది నీలాంటి రేవుల్లో దిగిన తిమింగలం నూనెతోనే. కలిగినవాళ్ళ భోజనాల బల్లల మీద పొగ రాని, వాసన రాని తెల్లటి కొవ్వొత్తులు నీ కార్ఖానాల్లో పోతపోసినవి. గ్యాసు దీపం ఎంత వెలుగివ్వాలో లెక్కగట్టడానికి 1860లో ఇంగ్లండు ఒక చట్టం చేసి, ఒక కొవ్వొత్తి వెలుగును కొలతగా పెట్టుకుంది. ఆ కొవ్వొత్తి స్పెర్మ్ తిమింగలం తలలోని మైనంతో చేసినదై ఉండాలని అందులో రాసుకుంది. నీ నగర ముద్ర మీద నువ్వు లాటిన్‌లో చెక్కుకున్న మాట, వెలుగును వెదజల్లుతానని. చెప్పినట్టే చేశావు.

ఆ వెలుగు గొప్పది. దానికి అయిన ఖర్చును పద్దు రాసి, ఆ పద్దును ఇవాళ్టికీ దాచకుండా వీధిలో పెట్టడం అంతకన్నా గొప్పది. చచ్చిన తిమింగలాల లెక్క నీ మ్యూజియంలో ఉంది. చచ్చిన మనుషుల లెక్క దానికి ఎదురుగా గుడిలో ఉంది. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవాడు తలదాచుకున్న ఇంటికి ఇక్కడ ఇంకా తలుపులున్నాయి. ఎన్నో ఊళ్ళు తమ సంపద ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పమంటే మేడలు చూపిస్తాయి. నువ్వు ఎముకలు చూపిస్తావు. అందుకే నువ్వంటే నాకింత ఇష్టం.

నీ పొరుగునే, డార్ట్‌మత్‌లో, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ చదువుకోవడానికి మన తెలుగు పిల్లలు వస్తుంటారు. కంప్యూటర్లూ డేటా సైన్సూ చదివే ఆ పిల్లలకు నువ్వు మొదట తెలిసేది అద్దె గది వెతుక్కునే ఊరుగా, శని ఆదివారాల్లో సరుకులు కొనుక్కునే ఊరుగా. ఒక అక్టోబరు శనివారం వాళ్ళలో కొందరు నీ పాత వేట రేవులన్నీ ఒక్కరోజులో నడిచి చూడాలని బయల్దేరారు. ఇక్కడే కాపురముంటున్న నన్ను కూడా, 'అక్కా, మీరూ రండి' అన్నారు. వెళ్ళాను. చలిగాలి చెవులు కోస్తున్నా ఒక్కరూ విసుక్కోలేదు. నీ గురించి నేను ఎన్నాళ్ళుగానో రాయాలనుకున్నది, వాళ్ళ కళ్ళతో నిన్ను చూశాకే రాయగలుగుతున్నాను.

జానీ కేక్ హిల్ మీద నీ మ్యూజియం. లోపల అడుగుపెట్టగానే తల పైకెత్తాల్సిందే. అరవై ఆరు అడుగుల నీలి తిమింగలం అస్థిపంజరం గాలిలో ఈదుతోంది. దాని పేరు కోబో. ఇంకా పూర్తిగా ఎదగని మగ తిమింగలం. దాన్ని ఏ బల్లెమూ చంపలేదు. 1998లో చమురు మోసుకొస్తున్న ఓడ ఢీకొట్టింది. కండ ఊడ్చి, ఎముకలు శుభ్రం చేసి వేలాడదీసి ఇన్నేళ్ళయినా ఆ ఎముకల్లోంచి ఇప్పటికీ నూనె ఊరుతూనే ఉంది. కింద సన్నటి గొట్టం అమర్చి ఆ నూనెను గాజుపాత్రలో పట్టుకుంటున్నారు. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఆ పాత్ర ముందు ఆగిపోయింది. 'అక్కా, గీ బొక్కలకెల్లి ఇంకా నూనె కారుతున్నదా? సచ్చి ఇన్నేండ్లాయె గదా!' అంది. అవునమ్మా, కారుతున్నది. ఆ దేహంలో ఎంత నూనె ఉండేదో, ఒక ఊరంతా ఎందుకంత పిచ్చిగా దాని వెంట సముద్రాలన్నీ తిరిగిందో ఆ చుక్క చెబుతుంది.

ఆ పక్కనే రెయినా. రైట్ తిమింగలం, ఆడది. 2004లో దీన్నీ ఓడే కొట్టింది. అప్పుడది నిండు కడుపుతో ఉంది. తల్లి ఎముకల దగ్గరే బిడ్డ ఎముకలనూ అమర్చారు నీ వాళ్ళు. చిన్న చిన్న పక్కటెముకలు, ఇంకా సముద్రం చూడని పుర్రె. అక్కడ పిల్లలు ఫోన్లు పైకెత్తి, మళ్ళీ దించేశారు. ఆ జాతి తిమింగలాలు ఉత్తర అట్లాంటిక్‌లో ఇప్పుడు నాలుగు వందలకు లోపే మిగిలాయి. ఒడ్డుకు దగ్గరగా, నెమ్మదిగా ఈదుతాయి. చచ్చినా మునగవు, తేలుతాయి. వేటగాళ్ళు అన్నిటికన్నా ముందు వీటినే ఖాళీ చేయడానికి అదే కారణం. వేట ఆగిపోయినా వాటికి తెరిపి లేదు. ఓడల అడుగులూ, చేపలవాళ్ళ తాళ్ళూ ఇవాళ వాటి ప్రాణం తీస్తున్నాయి. ఈ సంగతి కూడా నువ్వు గోడ మీద రాసిపెట్టావు, ఆ తాళ్ళలో కొన్ని నీ రేవు పడవలవే కావచ్చునని తెలిసి కూడా.

నీ లాగ్‌బుక్కులకు దండం. తోలు అట్టల, ఉప్పుగాలికి బిరుసెక్కిన పుటల పుస్తకాలు. ప్రతి ఓడలోనూ ఒకరు రోజూ రాసేవారు: గాలి ఎటు వీచింది, ఎంత బలంగా వీచింది, ఓడ ఎక్కడుంది, ఏం కనబడింది. తిమింగలాన్ని చంపిన రోజున పుట అంచున తిమింగలం బొమ్మ ముద్ర కొట్టేవారు. ఆ బొమ్మ నడుమ వదిలిన తెల్లటి ఖాళీలో దాన్నుంచి ఎన్ని పీపాల నూనె వచ్చిందో అంకె వేసేవారు. చేతికి చిక్కి తప్పించుకున్నదానికి వట్టి తోక ముద్ర. లోతుకు దూకే ముందు నీటి మీద నిటారుగా లేచే తోక. ఒక అమ్మాయి అద్దం మీదికి వంగి తోకలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒక్కో తోక కనబడ్డప్పుడల్లా ఆ అమ్మాయి ముఖం విప్పారింది. వాటిలో ఎన్ని ఒంట్లో దిగిన ఇనుముతోనే లోతుకు పోయి చచ్చాయో ఆ పుస్తకం చెప్పదు. అయినా ఆ పిల్ల సంతోషం నాకు నచ్చింది.

లాభనష్టాల కోసం రాసుకున్న ఈ పుస్తకాలు ఇవాళ ఇంకో పనికి వచ్చాయి. ఆ రోజుల్లో దక్షిణ హిందూ మహాసముద్రంలోనో, మంచు అంచున ఆర్కిటిక్‌లోనో గాలి ఎలా వీచిందో చెప్పగలిగిన సాక్షులు చాలా తక్కువ. సరుకు ఓడలు తిరిగే దారులు వేరు. తిమింగలం ఓడలు మాత్రం ఎవరూ పోనిచోటికల్లా పోయాయి. అందుకే వుడ్స్ హోల్ సముద్రశాస్త్ర సంస్థ వాళ్ళూ, ఈ పిల్లలు చదివే మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులూ కలిసి ఈ లాగ్‌బుక్కుల్లోని గాలి లెక్కల్ని తీసి, మారుతున్న వాతావరణాన్ని అర్థం చేసుకోవడానికి వాడుతున్నారు. 'పెనుగాలి', 'పిల్లగాలి' అని చేత్తో రాసిన మాటల్ని అంకెలుగా మార్చి పట్టికలు కడుతున్నారు. ఇది విన్న డేటా సైన్సు కుర్రాడి కళ్ళు చూడాలి నువ్వు. తన చదువుకు నూట డెబ్భై ఏళ్ళ కిందటి నావికుడు ముడిసరుకు రాసి పెట్టి పోయాడని తెలిసిన క్షణం అది.

పై అంతస్తు ఎత్తున మూడు కొయ్యలతో నిలబడ్డ ఓడ, లగోడా. అసలు ఓడకు సగం కొలతలో, ఎనభై తొమ్మిది అడుగుల పొడవున, గదిలోపలే కట్టారు. ఓడల యజమాని జొనాథన్ బోర్న్ జ్ఞాపకంగా ఆయన కూతురు ఎమిలీ కట్టించింది, 1916లో. పిల్లలు దాని మీదికెక్కి తాళ్ళు పట్టుకున్నారు. నేను వాళ్ళకు చెప్పాల్సింది అక్కడే చెప్పాను, మెత్తబరచకుండా.

కొయ్య మీది కాపలావాడు తిమింగలం ఊపిరి చూసి కేక వేస్తాడు. పడవలు దిగుతాయి. పడవకు ఆరుగురు. ముందు నిలబడ్డవాడు బల్లెం విసురుతాడు. ఆ బల్లెం చంపడానికి కాదు, కట్టిపడేయడానికి. తాడు తొట్టిలోంచి బుసకొడుతూ పరుగెడుతుంది, కొయ్య మొద్దు చుట్టూ రాపిడికి పొగ లేస్తుంది, నీళ్ళు పోస్తారు. ఆ మెలికల్లో చెయ్యి చిక్కితే చెయ్యి పోతుంది, ఒళ్ళు చిక్కితే మనిషే పోతాడు. తిమింగలం పడవను ఈడ్చుకుంటూ పోయి పోయి అలిసిపోతుంది. అప్పుడు పడవ నడిపే అధికారి ముందుకొచ్చి పొడుగాటి ఈటెతో ఊపిరితిత్తుల కోసం వెతుకుతాడు. తిమింగలం ఊపిరి ఎర్రగా లేస్తుంది. తర్వాత దాన్ని ఓడ పక్కన కట్టి కొవ్వును పట్టీలుగా ఒలుస్తారు. ఓడ మీదే ఇటుకల పొయ్యి, ఇనప గాబులు. కొవ్వు కాచగా మిగిలిన తొక్కల్నే మళ్ళీ ఆ పొయ్యిలో కట్టెలుగా వేస్తారు. తిమింగలాన్ని తిమింగలమే కాస్తుంది. రాత్రింబవళ్ళు నల్లటి పొగ, జిడ్డు, కంపు. స్పెర్మ్ తిమింగలమైతే తలకు బొక్క పెట్టి, అందులోని మైనాన్ని బొక్కెనలతో తోడతారు. వెచ్చగా ఉన్నప్పుడు నూనె, చల్లారితే తెల్లటి ముద్ద. మళ్ళీ కాపలా, మళ్ళీ కేక. మూడేళ్ళు, నాలుగేళ్ళు.

ఆ నావికుల ధైర్యాన్ని నేను తక్కువ చేయను. ఆ జంతువు బాధనూ తక్కువ చేయను. రెండూ ఒకే తాడుకు రెండు కొసల్లో ఉన్నాయి. ఆ తాడు తెంపకుండా చూపించినందుకే నీకు దండం.

శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన కుర్రాడు ఒకడున్నాడు మా వెంట. వాళ్ళ ఇంట్లో తరతరాలుగా సముద్రం వేటే. జీతాల సంగతి వాడే అడిగాడు. జీతాలు లేవని, వాటాలేనని చెప్పాను. కెప్టెన్‌కు పదిహేనో వంతో పద్దెనిమిదో వంతో దక్కేది. కొత్తగా చేరిన కుర్రాడికి నూట డెబ్భై అయిదో వంతు, ఒక్కోసారి రెండు వందల్లో ఒక వంతు. అందులోంచి ఓడ మీద కొనుక్కున్న చొక్కాకీ పొగాకుకీ అప్పు కోసుకునేవారు. మూడేళ్ళు సముద్రంలో ఉండి బాకీతో ఒడ్డు దిగినవాళ్ళున్నారు. 'మాకూ అంతే అక్కా. పడవ వాటా, వల వాటా, ఇంజను వాటా పోగా మిగిలిందే కలాసీలకి. కానీ మా నాన్న ఏటకెళ్తే మర్నాటికి వొచ్చేత్తాడు. ఈళ్ళు నాలుగేళ్ళా!' అని ఆ సగం కొలత ఓడ చుక్కాని దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. మ్యూజియంలో అన్ని వివరాలూ రాసి ఉన్నాయి గానీ, ఆ చుక్కానిని వాడు పట్టుకున్న తీరులో ఉన్న ఎరుక ఏ పలక మీదా లేదు.

ఇంకో అద్భుతం ఉంది నీ దగ్గర. 1848లో బెంజమిన్ రస్సెల్ అనే మనిషి, తాను స్వయంగా చేసిన వేట ప్రయాణపు జ్ఞాపకంతో, కాలెబ్ పరింగ్టన్ అనే పెయింటరును తోడు తీసుకుని, 1,275 అడుగుల పొడవున బట్ట మీద ఆ ప్రయాణాన్నంతా బొమ్మలుగా వేశాడు. నీ రేవు, అజోర్స్ దీవులు, కేప్ హార్న్ తుఫాను, హవాయి, వేట, అన్నీ. దాన్ని రెండు పెద్ద చుట్టలకు చుట్టి, ప్రేక్షకుల ముందు ఒక చుట్ట నుంచి ఇంకో చుట్టకు తిప్పుతూ, పక్కన నిలబడి కథ చెప్పేవారు. ఇది చెప్పగానే కరీంనగర్ అమ్మాయి ఎగిరి గంతేసినంత పని చేసింది. 'మా దిక్కు పటం కథోళ్ళు గిట్లనే చుట్ట విప్పుకుంటా చెప్తరక్కా!' అంది. చేర్యాల నకాషీ పటాన్నీ రస్సెల్ పటాన్నీ పక్కపక్కన ఊహించుకున్నాను. ఎక్కడెక్కడి మనుషులకో ఒకే ఉపాయం తట్టింది. పెద్ద కథను ఒక్క చూపులో చూపలేం, విప్పుకుంటూ పోవాలి.

వీధి దాటితే సీమెన్స్ బెతెల్. 1832లో నావికుల కోసం తెరిచిన తెల్లటి చెక్కల గుడి. హెర్మన్ మెల్విల్ 1841 జనవరి 3న అకూష్‌నెట్ అనే ఓడెక్కి అవతలి ఒడ్డునున్న ఫెయిర్‌హేవెన్ నుంచి వేటకు వెళ్ళాడు. పదేళ్ళకు మోబీ డిక్ రాశాడు, ఈ గుడిని అందులో అమరం చేశాడు. నవలలో గుడి వేదిక ఓడ ముక్కు ఆకారంలో ఉంటుంది. నిజానికి అలాంటిది ఇక్కడ ఉండేది కాదు. 1956లో సినిమా వచ్చాక, చూడ్డానికి వచ్చినవాళ్ళంతా అదేదీ అని అడుగుతుంటే 1961లో కట్టించారు. అందులో తప్పేముంది? ఒక రచయిత ఊహించిన చెక్కవేదికను ఒక ఊరు ప్రేమతో మేకులు కొట్టి నిలబెట్టుకుంది.

ఆ గుడిలో నన్ను పట్టి నిలిపేవి గోడలకు అమర్చిన చలువరాతి ఫలకాలు. సమాధి లేనివాళ్ళ పేర్లు. దేహం దొరకనివాళ్ళకు ఇంటివాళ్ళు రాతి మీద చోటిచ్చారు. 1844 మే నెలలో, తిమింగలానికి తగిలించిన తాడే తనను పడవ మీంచి లాక్కుపోగా మునిగిపోయిన కెప్టెన్ స్వెయిన్, నలభై తొమ్మిదో ఏట. ఆ పక్కన ఇంకా మీసాలు రాని వయసు పేర్లు. మా పిల్లల వయసువి, వాళ్ళకన్నా చిన్నవి. ఇవి పాతకాలపు రాళ్ళే కాదు. మొన్న మొన్నటి చేపల పడవల్లో పోయినవాళ్ళ పేర్లూ ఆ గోడలకెక్కాయి. శ్రీకాకుళం కుర్రాడు ఒక్కో ఫలకం దగ్గరా ఆగి, పెదాలు కదుపుతూ ప్రతి పేరూ చదివాడు. మా తీరాల్లోనూ తుఫానుకు వెళ్ళి రానివాళ్ళు ఎందరో. వాళ్ళ పేర్లు ఏ గోడ మీద ఉన్నాయి? ఆ ప్రశ్న నాది. వాడు అడగలేదు.

మధ్యాహ్నం రేవులో కూచుని పులిహోర పొట్లాలు విప్పాం. ఎదురుగా స్కాలప్ పడవలు బారులు తీరి ఉన్నాయి. ఆ గవ్వచేపల ధర వల్ల, పట్టిన సరుకు విలువలో అమెరికా మొత్తానికి రెండు దశాబ్దాలకు పైగా నువ్వే మొదటి రేవువి. 1857లో ఇదే నీళ్ళలో నీవి 329 వేట ఓడలుండేవి. వాటి మీద బతికినవాళ్ళు పదివేల మంది. ఒడ్డంతా పీపాలు, పీపాల మీద ఎండకు బీటలు వారకుండా కప్పిన సముద్రపు నాచు. రెండేళ్ళకు పెన్సిల్వేనియాలో నేల నూనె బావి పడింది. తర్వాతి కథ త్వరగానే ముగుస్తుంది: అంతర్యుద్ధంలో నీ పాత ఓడలెన్నింటినో రాళ్ళు నింపి చార్ల్‌స్టన్ ముంగిట ముంచారు, డబ్బున్నవాళ్ళు నూలుమిల్లులకు మళ్ళారు, 1924 ఆగస్టులో వాండరర్ అనే ఓడ బయల్దేరిన మర్నాడే తుఫానుకు కట్టీహంక్ రాళ్ళ మీద పగిలిపోయింది. మా అమ్మమ్మ ఇంట్లో సాయంత్రం లాంతరు చిమ్నీ తుడిచి పోసుకున్న కిరసనాయిలు, ఆ బావులతో మొదలైన నూనే. మన పల్లెల్లో బుడ్డిదీపం వెలిగించిన ఆ చమురే ఇక్కడ స్పెర్మ్ తిమింగలానికి కొంత ఊపిరి తిప్పుకునే వ్యవధి ఇచ్చింది. కొంతే. ఆవిరి పడవలూ పేలే బల్లేలూ పట్టుకుని ఇతర దేశాలు ఇరవయ్యో శతాబ్దంలో నీకన్నా ఎన్నో రెట్లు చంపాయి. వ్యాపార వేట ఆపాలని అంతర్జాతీయ తిమింగలాల వేట సంఘం 1982లో చేసిన నిర్ణయం అమల్లోకి వచ్చేదాకా అది పెద్ద ఎత్తున సాగింది.

నీ ఓడల కథల్లో నాకు మరీ ఇష్టమైనది 1871 నాటిది. అలాస్కా ఉత్తర తీరాన మంచు కమ్ముకొచ్చి 33 ఓడలు చిక్కుకుపోయాయి. ఆడవాళ్ళు, పిల్లలు సహా 1,219 మంది. మంచుకు అవతల స్వేచ్ఛగా ఉన్న ఓడలు ఏడు. చిక్కుకున్నవాళ్ళు చిన్న పడవల్లో, మంచుకూ ఒడ్డుకూ మధ్య సన్నటి నీటిదారి వెంట వాటిని చేరుకున్నారు. వాళ్ళకు చోటివ్వడానికి ఆ ఏడు ఓడలవాళ్ళు తమ నూనెనూ సామానునూ సముద్రంలో పారబోశారు. దేనికోసం ఇల్లు విడిచి వచ్చారో దాన్ని. ఒక్కరూ చావలేదు. అందరూ హోనొలులు చేరారు. ఆ ఆర్కిటిక్ జలాల్లోనే నీ వాళ్ళు బోహెడ్ తిమింగలాలనూ, అవి చాలక వాల్రస్‌లనూ వేల సంఖ్యలో చంపి, వాటి మీదే బతికే తీరవాసుల నోటికాడి కూడు తీశారన్నదీ అదే పద్దులో చదవాలి.

2007లో అలాస్కాలో ఇనూపియాట్ వేటగాళ్ళు తమ ఆచారం ప్రకారం తిండి కోసం పట్టిన ఒక బోహెడ్ ఒంట్లో, కొవ్వు లోతున, మూడున్నర అంగుళాల లోహపు ముక్క దొరికింది. పేలే ఈటె ముక్క. పందొమ్మిదో శతాబ్దం చివర్లో నీ ఊళ్ళో తయారైనది. ఆ గాయాన్ని మోస్తూ ఆ జంతువు నూరేళ్ళకు పైగా ఈదింది. రెండు ప్రపంచ యుద్ధాలు జరిగినంత కాలం, మా తాతలు పుట్టి పోయినంత కాలం, నీ ఇనుము దాని ఒంట్లో ఉంది. ఆ ముక్క ఏనాటిదో పోల్చి చెప్పింది కూడా నీ మ్యూజియం వాళ్ళే. నీ జాతీయ చారిత్రక పార్కుకూ అలాస్కాలోని ఇనూపియాట్ వారసత్వ కేంద్రానికీ చట్టంలోనే బంధం ఉంది.

సెవెంత్ స్ట్రీట్‌లో నేథన్, పాలీ జాన్సన్‌ల ఇల్లు. నల్లజాతి దంపతులు. 1838 సెప్టెంబరులో మేరీలాండ్ బానిసత్వం నుంచి తప్పించుకుని, కొత్తగా పెళ్ళయిన భార్య ఆనాతో వచ్చిన యువకుడికి ఆ ఇంట్లో అన్నం పెట్టారు. పట్టుబడకుండా ఉండడానికి కొత్త ఇంటిపేరు కావలసి వచ్చింది. నేథన్ జాన్సన్ సూచించిన పేరే అతను పెట్టుకున్నాడు. ఫ్రెడరిక్ డగ్లస్ ఇక్కడ పుట్టాడు. ఓడల పలకల సందులు పూడ్చే పని తెలిసినవాడు, కానీ నల్లవాడు పక్కన నిలబడితే తాము పని మానేస్తామన్నారు తెల్ల పనివాళ్ళు. అప్పుడతను కట్టెలు కోశాడు, బొగ్గు ఎత్తాడు, నూనె పీపాలు దొర్లించాడు. స్వేచ్ఛ ఇచ్చిన ఊరే చేతిపని లాక్కుంది. నీ గొప్పతనం పక్కన ఈ మచ్చనూ నువ్వు చెరపలేదు.

గ్రంథాలయం ముందు లూయిస్ టెంపుల్ విగ్రహం ఉంది. నల్లజాతి కమ్మరి. 1848లో ఆయన కొట్టిన బల్లెం మొన కండలో దిగాక అడ్డం తిరుగుతుంది, ఊడి రాదు. ఆ ఒక్క మొన అమెరికా వేటనంతా మార్చేసింది. ఆయన పేటెంటు తీసుకోలేదు. లోకమంతా చేసుకుంది, అమ్ముకుంది. ఆయన 1854లో పోయాడు. విగ్రహానికి 1987 దాకా ఆగాల్సి వచ్చింది. మా పిల్లలు ఆ విగ్రహం చేతుల్లోని ఇనుమును చూస్తూ చాలా మాట్లాడుకున్నారు. కోడ్ రాసి పేరు దక్కనివాళ్ళ గురించి మొదలైన మాటలు, ఆ మొన తప్పించుకోనివ్వని తిమింగలాల దాకా వెళ్ళాయి. ఆయన ప్రతిభను పొగడాలా, దాని ఫలితానికి ఏడవాలా అని ఒకరు అడిగారు. నేను రెండూ చేస్తాను.

వంతెన దాటి ఫెయిర్‌హేవెన్. చెర్రీ స్ట్రీట్‌లో కెప్టెన్ విలియం విట్‌ఫీల్డ్ ఇల్లు. 1841లో జపాన్ చేపలవాళ్ళు అయిదుగురు తుఫానుకు కొట్టుకుపోయి దిక్కులేని దీవిలో నెలల తరబడి పక్షుల్ని తిని బతికారు. విట్‌ఫీల్డ్ తిమింగలం ఓడ జాన్ హౌలాండ్ వాళ్ళను కాపాడింది. వాళ్ళలో చిన్నవాడు, పద్నాలుగేళ్ళ మంజిరో, కెప్టెన్ వెంట 1843లో ఇక్కడికొచ్చాడు. ఇంగ్లీషు, లెక్కలు, ఓడ నడిపే విద్య చదువుకున్నాడు, పీపాలు చేయడం నేర్చుకున్నాడు. చర్చిలో ఆ పిల్లవాణ్ణి తమ వరసలో కూచోనివ్వమన్నారు. విట్‌ఫీల్డ్ చర్చే మార్చుకున్నాడు. బయటి దేశాలకు వెళ్ళినవాళ్ళు తిరిగొస్తే శిక్ష వేసే రోజుల్లో, 1851లో మంజిరో జపాన్ తీరం చేరి, విచారణలు తట్టుకుని, తల్లిని చూశాడు. తర్వాత తన దేశానికి ఓడల విద్య, ఇంగ్లీషు నేర్పాడు.

ఆ ఇంటి ముందు మా పిల్లలు ఎక్కువసేపు ఉన్నారు. చేపలవాడి కొడుకు, పై దేశంలో చదువు, కొత్త చలి, అమ్మను చూడాలన్న బెంగ. నేనేమీ విడమరిచి చెప్పలేదు. శ్రీకాకుళం కుర్రాడు అక్కణ్ణుంచే ఇంటికి వీడియో కాల్ చేశాడు. అటువైపు ఇంకా తెల్లారలేదు. నిద్రకళ్ళతో ఫోనెత్తిన వాళ్ళ నాన్నకు ఆ ఇల్లు చూపించి, 'నాన్నా, నీలాంటోళ్ళ అబ్బాయే ఇక్కడ సదివాడు, నూట ఎనభై ఏళ్ళ కిందట' అన్నాడు. వాళ్ళ నాన్న అడిగింది ఒక్కటే: 'తిరిగి ఇంటికొచ్చాడా?' 'వొచ్చాడు నాన్నా.'

తిరుగు బస్సులో మాటలన్నీ మిస్టిక్‌లో ఉన్న ఓడ గురించే. 1841లో ఈ ఊళ్ళోనే కట్టి, ఎనభై ఏళ్ళలో 37 వేట ప్రయాణాలు చేసిన చార్ల్స్ డబ్ల్యూ. మోర్గన్ ఇప్పుడు కనెక్టికట్‌లోని మిస్టిక్ రేవులో ఉంది. చెక్కతో కట్టిన వేట ఓడల్లో లోకం మొత్తంలో మిగిలింది అదొక్కటే. 2014లో దాన్ని బాగుచేసి 38వ సారి సముద్రంలోకి పంపారు. పుట్టిన ఊరు గనక నీ రేవుకూ వచ్చింది, నీ జనం ఒడ్డున బారులు తీరి చూశారు. అక్కణ్ణుంచి అది మసాచుసెట్స్ తీరానికి ఆవల తిమింగలాలకు రక్షణ ఉన్న స్టెల్‌వాగన్ బ్యాంక్‌కు వెళ్ళింది. బల్లెం లేదు, ఈటె లేదు, పొయ్యిలో నిప్పు లేదు. మీద ఉన్నది శాస్త్రవేత్తలూ, బడిపంతుళ్ళూ, చిత్రకారులూ. హంప్‌బ్యాక్ తిమింగలాలు ఓడకు దగ్గరగా పైకి తేలి ఊపిరి వదిలాయి. వెనకటిలాగే కేక వేశారు ఓడ మీది మనుషులు. పడవ దించి, తెడ్లు వేసి దగ్గరగా వెళ్ళి చూశారు. ఆ రోజు లాగ్‌బుక్కులో కొట్టాల్సిన ముద్ర ఏది, నిండు తిమింగలమా, తోకా అని బస్సులో వాదన లేచింది. తోకే అని కొందరు, తప్పించుకోవాల్సిన అవసరమే రానప్పుడు తోక ఎందుకని కొందరు. కొత్త ముద్ర చెక్కాలని కరీంనగర్ అమ్మాయి తేల్చి, ఆ బొమ్మ ఎలా ఉండాలో బస్సు టికెట్టు వెనక గీయడం మొదలుపెట్టింది.